ఒకే గంజులో తీపి, పులుపు, కారం: నూకలతో రాత్రి వంట

మీరు రాసిన సంగతి క్లుప్తంగా ఇది. దేవరకొండలో ఉద్యోగం, ఒక గది, ఒకటే పొయ్యి, మందపాటి గంజు ఒకటి. ఇంట్లో ఉన్న సరుకులు నూకలు, పెసరపప్పు, తియ్య గుమ్మడికాయ ముక్క ఒకటి, నాలుగు కందగడ్డలు (చిలగడదుంపలు), పల్లీలు, బెల్లం, చింతపండు. వీటితో ముగ్గురికి సరిపోయేలా తీపీ కారమూ కలిసిన రాత్రి భోజనం ఒక్క గిన్నెలోనే చేద్దామని అన్నీ కలిపి పొయ్యి మీద పెట్టారు. ముప్పావు గంట ఉడికినా నూకలు బిరుసుగానే మిగిలాయి, అడుగు మాడింది, రుచి చూస్తే అటు పాయసమూ కాలేదు, ఇటు పులుసన్నమూ కాలేదు. ఏ సరుకు తగ్గిందని మీరు అడుగుతున్నారు.

సరుకేదీ తగ్గలేదు. మీరు వేసిన వరుస తప్పింది. నల్గొండలో చాలా ఏళ్ళు ఆడపిల్లలకు గృహవిజ్ఞానం బోధించాను, అంతకంటే ఎక్కువ ఏళ్ళు ఇంట్లో వండాను. ఈ రకం వంట చెడిపోయిన ప్రతిసారీ నాకు కనిపించిన కారణం ఒక్కటే, బెల్లమూ చింతపండూ గంజులోకి తొందరపడి దిగడం.

తీపినీ పులుపునూ కారాన్నీ ఒకే ముద్దలో తినడం మన వైపు కొత్త సంగతి కాదు. పోలెలు చేసిన రోజున శనగపప్పు ఉడికిన కట్టును పారబోయకుండా, దానిలో చింతపండు పులుసు పోసి, చెంచాడు పూర్ణం కలిపి, ఎండుమిర్చి, ఎల్లిపాయలతో పోపు పెట్టి చారు కాస్తారు కదా, మీరు చేయదలచుకున్నది కూడా ఆ కుటుంబానికి చెందిన వంటే. ఆ చారులో తీపి తీపిగా తెలియదు. పులుపు నాలుకను కొరకకుండా, కారం గొంతులో నిలవకుండా ఆపుతుంది, అంతే. పూర్ణం ఒక చెంచా ఎక్కువైతే చారు పోయి పానకం అవుతుంది. అందుకని మొదట మనసులో పెట్టుకోవలసింది, ఈ గంజులో తీపి ప్రధానంగా గుమ్మడి, కందగడ్డ, ఉల్లిగడ్డ ఈ మూడింటి నుంచి రావాలి. బెల్లం చివరన రుచిని దిద్దడానికి మాత్రమే ఉండాలి.

ఇక నూకలు ఎందుకు ఉడకలేదో చెబుతాను. గింజలోని పిండిపదార్థం నీటిని పీల్చుకొని ఉబ్బితేనే అన్నం మెత్తబడుతుంది. నీటిలో బెల్లం కరిగి ఉంటే ఆ నీరు తీపిని పట్టుకొని కూర్చుంటుంది, గింజకు సులువుగా దొరకదు. పరమాన్నం వండేవారు బియ్యం వేలితో నలిపితే వెన్నలా చితికేదాకా బెల్లం వేయకపోవడానికి కారణం ఇదే. పెళ్ళయిన కొత్తలో నేను తొందరపడి రెండూ ఒకేసారి వేశాను. మా అత్తమ్మ ఒక మెతుకును వేళ్ళ మధ్య నలిపి చూసి, "బెల్లం జూస్తే బియ్యం బిగుసుకుంటది బిడ్డా" అన్నది. ఆ తరువాత చదువుకున్న పాఠాలలో ఆ మాటకు కారణాలు దొరికాయి గాని, ఆ మాటకంటే బాగా చెప్పిన వాక్యం ఒక్కటీ దొరకలేదు. చింతపండుది మరో రకం అడ్డు. పప్పుగింజనూ కూరగాయనూ గట్టిగా పట్టి ఉంచే పదార్థం పులుపు ఉన్న నీటిలో త్వరగా కరగదు, కాబట్టి పులుసు ముందుగా పోస్తే పప్పు గింజ గింజగానే నిలుస్తుంది. మీరు రెండు అడ్డంకులనూ మొదటి నిమిషంలోనే పెట్టారు. అవి ఉడకడం లేదని మంట పెంచి ఉంటారు, అడుగున చేరిన బెల్లం మాడి ఉంటుంది.

మూడో అడ్డంకి కూడా ఉండే అవకాశం ఉంది, అది మీ నీరు. దేవరకొండ చుట్టుపక్కల బోరునీరు చాలాచోట్ల కఠినంగా ఉంటుంది. ఆ నీటిలోని సున్నపు లవణాలు పప్పు పొట్టునూ గుజ్జునూ మరింత బిగిస్తాయి. "ఈ నీళ్ళకు పప్పుడకదు" అని మన ఊళ్ళలో పెద్దవాళ్ళు అనే మాట అందుకే పుట్టింది. దానికి విరుగుడుగా కొందరు చిటికెడు వంటసోడా వేస్తారు. పప్పు ఉడుకుతుంది నిజమే, కాని సబ్బు వాసన తగులుతుంది, పప్పులోని బి విటమిన్లలో థయమిన్ అనేది నశిస్తుంది. ఆ పని చేయవద్దు. భగీరథ నల్లా నీరు వస్తుంటే నానబెట్టడానికీ వండడానికీ ఆ నీరే వాడండి. నల్గొండ బోరునీటిలోని ఫ్లోరైడ్ గురించి మీకు తెలియనిది కాదు, ఒక శుద్ధి పద్ధతికే మన జిల్లా పేరు పెట్టవలసి వచ్చింది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని చాలామంది అనుకుంటారు. అది పోదు. నీరు ఆవిరై పోతుంది, ఫ్లోరైడ్ అక్కడే ఉండి చిక్కబడుతుంది. గంటసేపు ఉడికే ఇటువంటి వంటకు నీటిని చూసి ఎంచుకోవడం అందుకే మరింత అవసరం.

ఇప్పుడు కొలతలు చూద్దాం. మీరు టీ తాగేది కాకుండా నీళ్ళు తాగే గ్లాసుతో ఒక గ్లాసు నూకలు, అర గ్లాసు పెసరపప్పు తీసుకోండి. గుమ్మడి అరకిలో వరకు పట్టవచ్చు. కందగడ్డలు నాలుగూ వేయాలన్న ఉత్సాహం వద్దు, పావుకిలో తూగే రెండు గడ్డలు చాలు, ఎక్కువైతే గంజు మొత్తం శివరాత్రి పలహారంలా ఉంటుంది. పెద్ద ఉల్లిగడ్డలు రెండు, పల్లీలు గుప్పెడు, నువ్వులు ఉంటే రెండు చెంచాలు, ఉసిరికాయంత చింతపండు, పచ్చిమిర్చి నాలుగు, ఎండుమిర్చి మూడు, ఎల్లిపాయ రెబ్బలు ఎనిమిది, పసుపు, జీలకర్ర, ఆవాలు, కల్యామాకు, కొత్తిమీర. నీళ్ళు ఐదు గ్లాసులు గంజులోకి, ఇంకొక గ్లాసు వేడినీళ్ళు చేతికింద. పొయ్యి ఒకటే కాబట్టి ఆ గ్లాసును ముందే కాచి ఫ్లాస్కులో పోసుకోండి. ఉడుకుతున్న గంజులో చన్నీళ్ళు పోస్తే పప్పు మళ్ళీ వెనక్కి తగ్గుతుంది.

పప్పును కడిగి నానవేసి, గంజు పొయ్యి మీద పెట్టి, నూనె లేకుండా పల్లీలను సన్నని మంట మీద వేయించి తీయండి. వాటి వెంట నువ్వులు, అవి చిటపటమనగానే తీయాలి. తరువాత అదే వేడిలో నూకలను రెండు నిమిషాలు, గింజ తెల్లగా పొడిబారేదాకా మాత్రమే, తిప్పి పళ్ళెంలోకి తీయండి. ఇలా వేయించిన నూక ముద్దగా అతుక్కోదు. మిర్యాలగూడ మిల్లుల నుంచి వచ్చే సన్ననూకలైతే ఈ పని తప్పనిసరి, అవి వేయించకపోతే జావ అవుతాయి.

పల్లీనూనె మూడు చెంచాలు పోసి జీలకర్ర, కల్యామాకు, నిలువుగా చీల్చిన పచ్చిమిర్చి, ఆ తరువాత ఉల్లిగడ్డ వేయండి. ఇక్కడ ఓపిక కావాలి. ఉల్లిగడ్డ తరుగు చిటికెడు ఉప్పుతో పన్నెండు, పదిహేను నిమిషాలు సన్నని మంట మీద మగ్గి, ఎర్రబడకుండానే బంగారు రంగుకు తిరగాలి. పచ్చి ఉల్లిగడ్డలోని ఘాటు వాసన పోయిన తరువాత అడుగున ఉన్న తీపి పైకి వస్తుంది. మీరు బెల్లంతో తేవాలనుకున్న తీపిలో మూడో వంతు ఇక్కడే దొరుకుతుంది. చాలామంది ఈ పదిహేను నిమిషాలను మూడు నిమిషాలుగా చేసి, ఆ లోటును తరువాత బెల్లంతో పూడ్చాలని చూస్తారు.

ఉల్లిగడ్డ మగ్గాక పసుపు, చెంచాడు ఉప్పు వేసి, పొట్టుతోనే కడిగి రెండంగుళాల ముక్కలు కోసిన కందగడ్డలను వేసి, ఐదు గ్లాసుల చన్నీళ్ళు పోయండి. మంటను బాగా తగ్గించండి. ఇరవై నిమిషాల పాటు ఆ నీరు మరగకూడదు. వేలు పెట్టలేనంత వేడిగా ఉండాలి, అడుగు నుంచి చిన్న చిన్న బుడగలు లేస్తున్నా పొంగకూడదు. ఇది చాదస్తం కాదు. కందగడ్డలో పిండిని చక్కెరగా మార్చే ఒక కిణ్వపదార్థం సహజంగానే ఉంటుంది, అది సుమారు 60 నుంచి 75 డిగ్రీల వేడిలో చురుకుగా పనిచేసి, అంతకు మించితే చచ్చిపోతుంది. గడ్డ ఆ వేడిలో ఎంతసేపు నిలిస్తే అంత తీపి పుడుతుంది. చలికాలంలో నిప్పుల కింద బూడిదలో నిదానంగా కాలిన గడ్డకు ఉన్న తీపి, కుక్కరులో మూడు కూతలకు ఉడికిన అదే గడ్డకు ఉండకపోవడం మీరు గమనించే ఉంటారు. కుక్కరు ఆ వేడిని రెండు మూడు నిమిషాల్లో దాటిపోతుంది. ఇంకొక లాభం కూడా ఉంది: ఇలా నిదానంగా వేడెక్కిన ముక్క తరువాత ఎంత మరిగినా తొందరగా చెదిరిపోదు.

ఇరవై నిమిషాల తరువాత మంట పెంచి, నీరు తెర్లుతుండగా నానిన పెసరపప్పు వేయండి. పది నిమిషాలకు నూకలు, గుమ్మడి ముక్కలు కలిపి వేయండి. గుమ్మడిని రెండు పరిమాణాలుగా కోసుకోవడం నా అలవాటు. సగాన్ని పొట్టు తీసి వేలెడు మందం ముక్కలుగా కోస్తాను, అవి కరిగి నూకలకు పట్టుకొని చిక్కదనమిస్తాయి. మిగతా సగాన్ని పొట్టుతో పెద్ద ముక్కలుగా కోస్తాను, అవి నోటికి ముక్కగా తగులుతాయి. మూత పూర్తిగా వేయకుండా వారగా పెట్టి, మంటను మధ్యస్థంగా ఉంచి, నాలుగైదు నిమిషాలకొకసారి చెక్క గంటెతో అడుగంటా తిప్పుతూ ఉండాలి. పావుగంట గడిచేసరికి నూక మెత్తబడుతుంది, పప్పు గింజ ఆకారం కోల్పోతుంది. చూడవలసింది గడియారాన్ని కాదు, పప్పును. ఒక గింజను గంటె వెనక నొక్కితే ఏ అడ్డూ లేకుండా చితికినప్పుడే తరువాతి పనికి పోవాలి. అంతవరకు చింతపండూ బెల్లమూ అలమరలోనే ఉండనివ్వండి, గట్టు మీద పెట్టుకుంటే చేయి ఊరుకోదు.

పప్పు చితికింది. ఇప్పుడు అర గ్లాసు నీటిలో పిసికి వడగట్టిన చింతపండు రసంలో ముందుగా సగమే పోయండి. చింతపండులోని పులుపు ఎంత మరిగించినా ఆవిరయ్యేది కాదు. పచ్చివాసన పోతుంది, కాని పులుపు ఎక్కడికీ పోదు, నీరు తగ్గేకొద్దీ పైకే వస్తుంది. కాబట్టి పోసిన వెంటనే రుచి చూసి చాలదనుకోవడం పొరపాటు. ఐదు నిమిషాలు ఉడకనిచ్చి చూడండి. నాలుక పక్కలు కొంచెం లాగినట్టు అనిపిస్తే సరిపోయినట్టే, అనిపించకపోతే మిగిలిన సగం పోయండి.

బెల్లం వంతు ఆ తరువాతే వస్తుంది. బెల్లాన్ని నేరుగా గంజులో వేయకుండా గరిటెడు వేడినీళ్ళలో కరిగించి వడగట్టండి, ఇసుక రేణువులు అడుగున మిగులుతాయి. రేగుపండంత బెల్లంతో మొదలుపెట్టండి. కలిపి, రెండు నిమిషాలు ఆగి, రుచి చూడండి. మీకు తీపి తెలిసిందంటే ఇక ఆపవలసిన సమయం వచ్చింది. తీపి తెలియకుండా పులుపు మాత్రం మొరటుదనం పోయి గుండ్రబడినట్టు అనిపిస్తే అంతకంటే మంచిది. గుమ్మడి ముదురుదై, కందగడ్డ మంచిదైతే కొన్నిసార్లు బెల్లం అసలు అవసరమే పడదు, అటువంటప్పుడు వేయకుండా ఉండగలగడం కూడా వంటలో భాగమే. ఉప్పు సరిచూడటం బెల్లం తరువాతే చేయాలి, ఎందుకంటే చాలినంత ఉప్పు లేని తీపి వెగటుగా ఉంటుంది. ఇంకో అర చెంచా ఉప్పు పడగానే అదే తీపి తేలికవుతుంది. మీకు పాయసంలా అనిపించిన గంజులో బెల్లం ఎక్కువ పడిందేమో గాని, ఉప్పు తక్కువ పడి ఉంటుందనే నా అనుమానం.

చింతపండు లేనప్పుడు ఇంట్లో బత్తాయిలున్నాయి కదా అని వాటి రసం పోయాలనే ఆలోచన నల్గొండ వాళ్ళకు సహజంగానే వస్తుంది. నాకూ ఒకసారి వచ్చింది. బత్తాయి రసం వేడి తగిలాక చేదెక్కుతుంది, ఆ చేదును బెల్లం కూడా కప్పలేదు. ఆ రోజు అందరం సల్ల అన్నం తిన్నాం. చింతపండు లేకపోతే పచ్చి మామిడి ముక్క గాని, పొయ్యి ఆర్పాక నిమ్మరసం గాని నయం. టమాటాలైతే పప్పు ఉడికాకే వేయాలి, అవి కూడా పులుపు జాతే.

వేయించిన పల్లీలూ నువ్వులూ ఎల్లిపాయలో సగమూ కలిపి బరకగా దంచి, పొయ్యి ఆర్పడానికి రెండు నిమిషాల ముందు వేయండి. ముందుగా వేస్తే నూనె విడిచి అడుగు పట్టుకుంటుంది. పాలమూరు వైపు ఏ పులుసులోనైనా పల్లీపొడి పడనిదే ముద్ద దిగదు, అది వట్టి అలవాటు కాదు. పులుపుకూ తీపికీ మధ్య ఉండే ఖాళీని ఆ కమ్మదనం నింపుతుంది. చివరగా ఇనుప గంటెను మంట మీద పెట్టి, చెంచాన్నర నూనెలో ఆవాలు, తుంచిన ఎండుమిర్చి, చితకగొట్టిన మిగిలిన ఎల్లిపాయ వేగనిచ్చి గంజులో ముంచండి. రెండో గిన్నె వాడినట్టు కాదు, గంటె లెక్కలోకి రాదు. కొత్తిమీర చల్లి మూతపెట్టి పది నిమిషాలు వదిలేయండి. దించేటప్పుడు కొంచెం జారుగా ఉండాలి, ఆ పది నిమిషాల్లో నూక మిగిలిన నీటిని తాగి గట్టిపడుతుంది.

తప్పిన రుచిని సరిచేయడం గురించి రెండు మాటలు. తీపి ఎక్కువైతే కారం పెంచాలని అందరికీ తోస్తుంది, దానివల్ల తీపి తగ్గదు, నాలుక మండుతుంది. ఉప్పు, దాని వెంట పులుపు, అప్పటికీ తగ్గకపోతే వేడినీళ్ళు పోసి గుప్పెడు ఉడికిన అన్నం మెదిపి కలపాలి. పులుపు ఎక్కువైతే బెల్లం వైపు పోకుండా ముందు ఒక కందగడ్డ ముక్కను గంజులోనే చిదిమి, పల్లీపొడి కొంచెం పెంచి చూడండి. అడుగు మాడితే మాత్రం గంటెతో గీకవద్దు. పైపైన ఉన్నదంతా మరో గిన్నెలోకి దించేసుకోండి. ఒకే గిన్నె అన్న పంతం అక్కడితో వదిలేయాలి.

నూకలు లేని రోజు జొన్నరవ్వతో చేయవచ్చు, మన ప్రాంతానికి నిజానికి అదే పాత వరుస. రవ్వను రెండు మూడు గంటలు నానబెట్టి, పప్పుతో పాటే ముందుగా వేసి, అరగంట పైగా ఉడికించాలి, నీళ్ళు కూడా ఒక గ్లాసు ఎక్కువ పడతాయి. జొన్నకు నూకలంత జిగట ఉండదు కాబట్టి గుమ్మడిలో ఎక్కువ భాగాన్ని చిన్న ముక్కలుగా కోయండి. పెసరపప్పుకు బదులు కందిపప్పు వేయదలిస్తే గంటసేపు నానాలి, కందగడ్డల తరువాత అన్నిటికంటే ముందు దిగాలి. తాండూరు కందిపప్పు దొరికితే మంచిది, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పప్పుకు బాగా ఉడుకుతుందన్న పేరు ఎప్పటినుంచో ఉంది. ఎర్రపప్పు అన్నిటికంటే త్వరగా ఉడుకుతుంది, నూకలతో పాటే వేసుకోవచ్చు.

ముగ్గురిలో ఒకరికి షుగరు ఉందని చివర్లో రాశారు. బెల్లం వేయకముందే వారి గిన్నె తీసిపెట్టడం మంచి ఆలోచనే, కాని అదొక్కటే చాలదు. నూకలూ కందగడ్డలూ కూడా చక్కెరను పెంచేవే. వారి వాటాలో పప్పూ గుమ్మడీ ఎక్కువగా, కందగడ్డ లేకుండా తీసి, పక్కన ఒక ఉడికిన గుడ్డు పెట్టండి.

ఇది తప్పకుండా మిగులుతుంది. తెల్లవారి గట్టిపడిన దానిలో పట్టినంత బియ్యప్పిండి, కాసిన్ని పచ్చి ఉల్లిగడ్డ ముక్కలు కలిపి ముద్దచేసి, అదే గంజు అడుగున నూనె రాసి, తపాలచెక్కలా పలచగా అద్ది, వేలితో నాలుగు గుంటలు చేసి వాటిలో నూనె చుక్కలు వేసి మూతపెట్టండి. ఇందులో రాత్రి తీపి ఉంది కాబట్టి మామూలు తపాలచెక్కకంటే త్వరగా ఎర్రబడుతుంది. మంట సగానికి సగం తగ్గించి, వాసన రాగానే అంచు ఎత్తి చూడండి. రెండో చెక్క అద్దేముందు గంజును చన్నీళ్ళ పళ్ళెంలో కాసేపు నిలబెట్టి చల్లార్చడం మరవకండి, వేడి గంజులో పిండి అద్దితే వేళ్ళకే అంటుకుంటుంది.